మంత్రి సోబాండి, తెల్లనాగు దీపం

మా చికాజంగ్‌లో ఒక మంత్రి ఉన్నాడు. ఆయనకు రాజ్యం లేదు, శాఖ లేదు, ముందొక కారు వెనకొక కారు లేవు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే మగ నర్సును మా వైపు మంత్రి అనే పిలుస్తారు. జకార్తాలో కూర్చునే మంత్రులు మారుతూ ఉంటారు గాని, మా మంత్రి సోబాండి ముప్పై ఏళ్లకు పైగా ఒకే కుర్చీలో కూర్చుని పింఛను దాకా వచ్చాడు. ఆయన పనుల్లోకెల్లా పెద్దది, బడి సెలవుల్లో మగపిల్లలకు సున్తీ చెయ్యటం. ఊళ్లో ఒక వయసు దాకా మగవాళ్లలో ఆయన కత్తెర కింద నుంచి రానివాడు అరుదు. అందుకే పోలీసైనా సరే, బ్యాంకు గుమాస్తా అయినా సరే, ఆయన ఎదురుపడితే మోకాళ్లు రెండూ దగ్గరికి చేర్చుకుని మరీ సలాం చెబుతాడు.

కత్తెర పట్టుకునే ముందు ప్రతి పిల్లవాడితోనూ ఆయన ఒకే మాట చెప్పేవాడు. "భయపడకు నాన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది. అంతే."

ఆ మాట నేనూ విన్నాను, మా మేనమామ ఒళ్లో కూర్చుని. అది ఏ జాతి చీమో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా ఇంతమందిని ఆ చీమ కుట్టినా, ఆయన మాట మీద ఊరికి నమ్మకం పోలేదు. ఎందుకంటే ఆ ఒక్క విషయం తప్పిస్తే మరి దేని గురించీ ఆయన నోట మంచి మాట వచ్చేది కాదు. మందుల షాపులో బలం టానిక్కు చూపిస్తే పంచదార నీళ్లనేవాడు. పెళ్లి విందుకు పిలిస్తే మాంసం ఇంకాసేపు ఉడకాలనేవాడు. కొత్తగా కట్టిన మసీదు మెట్లు చూసి, ముసలివాళ్లను స్వర్గానికి తొందరగా పంపటానికి బాగుంటాయన్నాడు. దేన్నీ మెచ్చుకోని మనిషి పొరపాటున ఒకదాన్ని మెచ్చుకుంటే జనం సంచులు పట్టుకుని బయల్దేరతారు. మా ఊళ్లో జరిగింది అదే.

పింఛను వచ్చిన కొత్తలోనే ఆయన ఒక పెద్ద బండి కొన్నాడు. దూరప్రయాణాల కోసమని తయారైన మోటారు సైకిలు. ముందు గాలి అద్దం, వెనకా పక్కలా కలిపి మూడు అల్యూమినియం పెట్టెలు. గరుత్‌లో పళ్ల డాక్టరు ఒకాయన పెళ్లాం పోరు పడలేక అమ్మేసుకున్న బండి. మంత్రిగారి భార్య రుకోయా బియ్యప్పిండి అప్పడాలు కాల్చి అంగళ్లకు వేస్తుంది. పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి మొగుణ్ణి పిల్లల్లాగే 'అబాహ్', అంటే నాన్నా, అని పిలవటం అలవాటు. ఆమె బండి చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసింది.

"అబాహ్, ఈ పెట్టెల్లో ఏం పెడతారు?"

"సామాన్లు."

"ఏం సామాన్లు? మీకున్నవి రెండు లుంగీలు, ఒక పళ్లసెట్టు."

"దూరం వెళ్లేటప్పుడు అవసరపడతాయే."

"దూరమా? నిన్నగాక మొన్న పక్క వీధిలో పెళ్లికి రమ్మంటే మోకాళ్లు పట్టేశాయన్నారుగా!"

ఆయనకు బండి ఎందుకు కావలసి వచ్చిందో ఆమెకు తెలుసు. బజారులో కొత్త డాక్టరు లేజరు సున్తీ బోర్డు పెట్టాడు. బోర్డు మీద నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ. ఆ ఏడు సెలవుల్లో మంత్రిగారి వాకిట్లో చెప్పుల జత ఒక్కటి కనబడలేదు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కూర్చునేవాడు. మధ్యాహ్నానికి చొక్కా విప్పేసి లోపలికి వెళ్లేవాడు. ఆ తర్వాతే బండి వచ్చింది.

బండి వచ్చాక మా సంఘంలో చేరాడు. సంఘం పేరు హలీమున్. మా సుండా మాటలో పొగమంచు అని అర్థం. సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటాక కొండ మీద నుంచి దిగి తేయాకు తోటల్నీ రోడ్డునూ మనుషుల్నీ కలిపి మింగే మంచు పేరే పెట్టుకున్నాం. మా జాకెట్ల మీద కుట్టించుకున్న బిళ్లలు చూసినవాళ్లు మేం ఎడారులు దాటి వచ్చామనుకుంటారు. నిజానికి మేం ఎప్పుడూ వెళ్లేది కొండ దిగువన సాంతోలో అనే ఊరి సముద్రపుటొడ్డుకే. అక్కడ చేపలు తిని, ఫోటోలు దిగి, వెనక్కి వస్తాం. నేను బడిలో భూగోళం చెప్పే పంతుల్ని, సంఘానికి కార్యదర్శిని. మంత్రిగారు చేరిన ఏడాదికే నాయకుడయ్యాడు. అందరిలోకి పెద్దవాడు, పైగా ఆయన ఎదుట నిలబడి పోటీ చెయ్యటానికి ఎవరికీ మోకాళ్లు ఆడలేదు.

అప్పటికే సంఘానికి ఒక జబ్బు పట్టుకుని ఉంది. అది దీపాల జబ్బు. బండితో వచ్చిన పసుపుపచ్చటి బల్బును ఆముదం దీపమని వెక్కిరించి, దాని స్థానంలో బయట దొరికే తెల్లటి ఎల్‌ఈడీ పెట్టించుకోవటం. పెట్టె మీద ఇరవైవేల ల్యూమెన్లనీ ముప్పైవేల ల్యూమెన్లనీ రాసి ఉంటుంది. ల్యూమెన్ అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. పక్కవాడి కంటే ఎక్కువ ఉండాలని మాత్రం తెలుసు. బ్యాంకు గుమాస్తా ఇరవైవేలది పెట్టించిన మర్నాడే గొర్రెల వ్యాపారి హాజీ మహ్‌ఫుద్ ముప్పైవేలది పెట్టించాడు. మక్కా వెళ్లొచ్చిన మనిషి, జీతగాడి కంటే తక్కువ వెలగటం ఏం మర్యాద? ఎదురొచ్చే క్యాబేజీ లారీల డ్రైవర్లు మా వరస చూడగానే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా తల్లుల్ని తలుచుకునేవారు.

మంత్రిగారు కూడా ఒకదాని తర్వాత ఒకటి పెట్టించాడు. కాని ఆయన నోరు ఆయనదే గదా! ప్రతి దీపం చావుకూ శనివారం సాయంత్రం బక్సో బండి దగ్గర, మాంసపు ఉండల పులుసు తాగుతూ పోస్టుమార్టం నివేదిక వినిపించేవాడు.

మొదటిది తొలి వానకే పోయింది. దాని వెనక చిన్న ఫ్యాను ఉంటుంది. అది పట్టటం కోసం హెడ్‌లైటు వెనక రబ్బరు మూతకు చిల్లు కోశారు. ఆ చిల్లులోంచి నీళ్లు చేరి అద్దం సగం దాకా నిండింది.

"అబాహ్, రెండు చేపపిల్లల్ని తెచ్చి వదిలితే మనవడికి కాలక్షేపం" అంది రుకోయా.

రెండోదాని ఫ్యానులో దుమ్ము ఇరుక్కుంది. బయల్దేరేటప్పుడు పెళ్లికొడుకులా ఉండేది, కొండ సగం ఎక్కేసరికి వేడెక్కి జ్వరం తగిలినవాడిలా వాడిపోయేది. మూడోది చావలేదు, అది చేసిన పాపం వేరు. మన బండి అద్దం ఒకరకం బల్బు కోసం చేసింది, అందులో మరోరకం పెడితే వెలుగు ఎటు పడితే అటు పోతుంది. పనసచెట్టు మీద ఏ కాయ పండిందో కనబడుతుంది, చెట్టు కింద గొయ్యి కనబడదు. పైగా అది వెలిగినంతసేపూ మేం ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాకీటాకీలో నూనెలో వడలు వేగుతున్నట్టు చప్పుడు.

"చచ్చింది, పాతేశాను" అని ముగించేవాడు మంత్రిగారు. ఆ మాటతో ఆ దీపం అమ్మకాలూ చచ్చేవి.

వీటన్నిటినీ అమ్మినవాడు గుంగున్ అనే కుర్రాడు. వాళ్లమ్మ ముందుగదిలోనే దుకాణం. మంచం ఎత్తి గోడకానించి, ఆ జాగాలో దీపాలు పేర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం అతను మంత్రిగారి వరండాలోకి వచ్చి, చెప్పులు విడిచి, కింద కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"మంత్రిగారూ, మీ నోరు నా పొట్ట కొడుతోంది."

"నా నోరు కాదబ్బాయ్, నీ దీపాలు."

"చిన్నప్పుడు నన్ను మీరే కోశారు. ఇప్పుడు మళ్లీ కోస్తున్నారు."

"అప్పుడు కట్టు కట్టి పంపానుగా!"

"ఇప్పుడూ కట్టండి." సంచిలోంచి బంగారు రంగు పెట్టె తీసి ముందు పెట్టాడు. పెట్టె మీద పడగెత్తిన తెల్లటి పాము, దాని నోట్లోంచి వెలుగు. "తెల్లనాగు. కొత్త సరుకు. యాభైవేల గంటలు గ్యారంటీ."

"ఈ కంపెనీ పెట్టి ఎన్నాళ్లయింది?"

"నిరుడు రంజానుకి."

"యాభైవేల గంటలంటే, రాత్రీ పగలూ ఆర్పకుండా వెలిగించినా ఐదేళ్లు దాటుతుంది. మరి ఎప్పుడు వెలిగించి చూశారు?"

"చూడలేదు కాబట్టే గ్యారంటీ అన్నారు మంత్రిగారూ. చూసుంటే ఇక గ్యారంటీ ఎందుకు?"

మంత్రిగారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ జవాబులో తప్పెక్కడుందో ఆయనకు తట్టలేదు. నాకూ ఇంతవరకు తట్టలేదు.

గుంగున్ అసలు సంగతి అప్పుడు చెప్పాడు. మంత్రిగారు ఆ దీపం పెట్టుకుని, బాగుందని ఫోను ముందు నాలుగు ముక్కలు చెబితే చాలు. బజారు మొదట్లో, సరిగ్గా లేజరు డాక్టరు బోర్డుకు ఎదురుగా, మంత్రిగారి ముఖంతో బ్యానరు కట్టిస్తాడు.

"నా మాట అమ్మకానికి లేదు. పో" అన్నాడు మంత్రిగారు.

గుంగున్ పెట్టె అక్కడే మరిచిపోయి వెళ్లాడు. మర్నాడు ఉదయం నేను బడికి వెళ్తుంటే మంత్రిగారు గేటు దగ్గర ఆపాడు.

"మాస్టారూ, ఊరికే అడుగుతున్నా. బ్యానరు అంటే ఎంతుంటుంది?"

"మూడు మీటర్లు ఉండొచ్చు."

"నిలువా, అడ్డమా?"

మంత్రిగారు పడిపోయాడని నాకు అప్పుడే తెలిసింది.

దీపం బిగించి వారం తిరిగాడు. ఆ వారంలో చినుకు పడలేదు, మంచు దిగలేదు. ఎండలో కూడా వెలిగించుకుని మార్కెట్టుకు వెళ్లొచ్చాడు. వారం తర్వాత గుంగున్ ఫోను పట్టుకుని ఎదుట నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మంత్రిగారు బండి మీద చెయ్యి వేసి గొంతు సవరించుకున్నాడు.

"నేను దేన్నీ ఊరికే మెచ్చుకోనని మీకు తెలుసు. ఈ తెల్లనాగును వానలో చూశాను. మంచులో చూశాను. రాళ్ల దారిలో చూశాను. దీనికి ఏమీ కాదు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

ఆ చివరి మాట ఎవరూ రాసివ్వలేదు. అలవాటుగా వచ్చేసింది. ఊళ్లో ప్రతి మగవాడి ఫోనులోకీ ఆ వీడియో వెళ్లింది. చిన్నప్పుడు విన్న గొంతు, చిన్నప్పుడు విన్న మాట. జనం చిన్నపిల్లల్లాగే లొంగిపోయారు. గుంగున్ వాళ్లమ్మ మంచం ముందుగదిలోకి తిరిగొచ్చింది, సరుకంతా అమ్ముడుపోయింది కాబట్టి. మా సంఘంలో అందరం పెట్టించుకున్నాం. నేనూ పెట్టించుకున్నాను. బ్యానరు మీద మంత్రిగారి తల చుట్టూ తెల్లటి వెలుగు గుండ్రంగా వేశారు. సాయంత్రం పూట ఆయన ఏదో పనున్నట్టు ఆ దారినే నడిచి వెళ్లి, ఆ దారినే తిరిగి వచ్చేవాడు.

ఆ నెలాఖరులో సాంతోలోకు ప్రయాణం పెట్టుకున్నాం. పోయేటప్పుడు ఎండ, పాట, ఫోటోలు. వేయించిన చేపలు బాగున్నాయని హాజీగారు రెండోసారి వడ్డించమనటంతో తిరుగు ప్రయాణం ఆలస్యమైంది. కొండ సగం ఎక్కామో లేదో మంచు దిగింది. దాని వెనకే వాన.

అందరం తెల్లనాగులు వెలిగించాం. పాలగిన్నెలో పడ్డ ఈగకు లోకం ఎలా కనబడుతుందో మాకు అలా కనబడింది. వెలుగు మంచుకు తగిలి మా ముఖాల మీదికే తిరిగొచ్చింది. వెలుగు ఎక్కువయ్యేకొద్దీ దారి తక్కువైంది. అద్దాల్లోకి తడి చేరేసరికి దీపాలు కన్నుకొట్టటం మొదలుపెట్టాయి. మొదట నాది ఆరిపోయింది. తర్వాత బ్యాంకు గుమాస్తాది. తర్వాత ఎవరిదో, ఎవరిదో.

అందరికంటే ముందు మంత్రిగారు, ఆయన వెనక హాజీగారు. ఎడమవైపు గట్టి మలుపు దగ్గర మంత్రిగారు వాకీటాకీలో అరిచాడు. ఏమన్నాడో మాకు తెలియదు. వడలు వేగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. సరిగ్గా అప్పుడే హాజీగారి దీపం ఆరిపోయింది. రోడ్డు ఎడమకు తిరిగింది, హాజీగారు తిరగలేదు. గుద్దుకున్న శబ్దం రాలేదు. కాసేపటికి 'ధబ్' మని నీళ్ల చప్పుడు వచ్చింది.

మలుపు కింద చేపల చెరువు ఉంది. చెరువు మీద వెదురు తడికెల మరుగుదొడ్డి. మా వైపు చేపలకు మేత అలాగే పడుతుంది. ఆ తడికెలను పడగొట్టుకుని హాజీగారు లోపలికి దిగాడు. మేం గట్టు దిగబోతుంటే, పక్కనున్న ఇంటి తలుపు తెరుచుకుని ఒక ముసలామె కేకవేసింది.

"ఎవర్రా అది, వానలో నా చేపలు పడుతున్నది?"

"చేపలు కాదమ్మా, హాజీగారు" అన్నాడు బ్యాంకు గుమాస్తా.

"హాజీ అయ్యుండి దొంగతనమా!"

హాజీగారిని ముగ్గురం కలిసి గట్టు మీదికి లాగాం. జాకెట్టు మీద బిళ్లలకు నాచు పట్టుకుని ఉంది. ముంజేయి ఉండవలసిన తీరులో లేదు. మంత్రిగారు మోకాళ్ల మీద కూర్చుని, మా ఫోన్ల వెలుతురులో చేతిని తడిమి చూశాడు. విరిగిన తడికెలోంచి రెండు బద్దలు తెమ్మన్నాడు. రుకోయా ప్రయాణానికని కట్టిచ్చిన మెడగుడ్డ విప్పి చింపాడు. ఎముకను నిలువుగా పెట్టి కట్టాలి, లేకపోతే ఆస్పత్రి దాకా వెళ్లేసరికి చెయ్యి పాడవుతుందన్నాడు.

హాజీ మహ్‌ఫుద్ సంతలో పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఆపగల మనిషి. "మంత్రిగారూ, నొప్పి పుడుతుందా?" అన్నాడు, ఎనిమిదేళ్ల పిల్లవాడి గొంతుతో.

ఆ తర్వాత వచ్చే మాట మాకందరికీ కంఠతా వచ్చు. మంత్రిగారు నోరు తెరిచాడు. మూశాడు. వాన నీళ్లు ఆయన ముక్కు మీద నుంచి కారుతున్నాయి.

"పుడుతుంది హాజీగారూ. బాగా పుడుతుంది. గట్టిగా అరవండి, ఫరవాలేదు" అన్నాడు.

హాజీగారు అరిచాడు. ముసలామె కూడా భయపడి తలుపు వేసుకుంది. కట్టు కట్టటం అయ్యాక హాజీగారు చెమటా వానా కలిసిన ముఖంతో మంత్రిగారి వైపు వింతగా చూశాడు. తర్వాత ఎడమచేత్తో ఆయన భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

గరుత్ ఆస్పత్రికి తీసుకువెళ్లింది క్యాబేజీ లారీ. దాన్ని నడిపేవాడు, కొన్ని నెలలుగా మేం కళ్లలో వెలుగు కొడుతున్న డ్రైవర్లలో ఒకడు. ఎక్కించుకోనని అనలేదు. కాని దారి పొడుగునా, "సూర్యుణ్ణి కట్టుకు తిరిగారుగా బాబూ, ఏడీ మీ సూర్యుడు?" అంటూనే ఉన్నాడు. వెనక క్యాబేజీల మీద కూర్చున్న నాకూ మంత్రిగారికీ అది వినబడుతూనే ఉంది.

తర్వాతి శనివారం ఆయన బక్సో బండి దగ్గర లేచి నిలబడ్డాడు. గిన్నె ముట్టుకోలేదు.

"నేను ఆ దీపాన్ని వానలో చూడలేదు. మంచులో చూడలేదు. వారం రోజులు ఎండలో తిప్పి, అబద్ధం చెప్పాను. అది మంచిది కాదు. అందరూ తీసేయించి, మీ పాత బల్బులు పెట్టించుకోండి. నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకనిపించింది. బ్యాంకు గుమాస్తా చెంచాతో ఉండను కోస్తూ నెమ్మదిగా అన్నాడు:

"మంత్రిగారూ, గరుత్‌లో కొత్తగా పెట్టిన దీపాల షాపువాడు మీకేమన్నా ముట్టజెప్పాడా?"

"నాకెవరూ ఏమీ ఇవ్వలేదయ్యా!"

"మరి అప్పుడు బాగుందన్నారు, ఇప్పుడు బాగాలేదంటున్నారు. ఏది నమ్మాలి?"

"ఇది నమ్మండి!"

"అప్పుడూ ఇలాగే చెప్పారుగా."

ఇంకొకరు మంచుదే తప్పన్నారు, ఈ ఏడు మంచు మరీ నాసిరకంగా ఉందట. మరొకరు బిగించినవాడు సరిగ్గా బిగించలేదన్నారు. నేను తలొంచుకుని పులుసు తాగాను. నా దీపమూ ఆ వానలో ఆరిపోయింది. అయినా నేను మోసపోయానని నలుగురిలో ఒప్పుకోవటం కంటే చీకట్లో బండి నడపటమే తేలిగ్గా తోచింది.

చివరికి హాజీగారు లేచాడు. మెడకు వేలాడగట్టిన కట్టుతో ఆయన మాట్లాడతాడంటే అందరూ చెంచాలు కింద పెట్టారు.

"దీపానిది తప్పేం లేదు. చెరువుదే తప్పు. ఎవరైనా మలుపులో చెరువు తవ్వుతారా? నా దీపం వెలుగుతూనే ఉంది. ఎదురుగా లారీ వచ్చింది. దానికి దారిద్దామని నేనే కావాలని చెరువులోకి దించాను."

హాజీగారు పడ్డ వేళకు ఆ రోడ్డు మీద ఎదురు లారీ ఏదీ రాలేదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. కాని గొర్రెల సంతలో ఆ లారీ అప్పటికే వారం నుంచి నడుస్తోంది. ఇప్పుడు ఆపటం హాజీగారి వల్ల కాదు. అందరూ తలలూపారు. మంత్రిగారు కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రమే ఆయన నిచ్చెన భుజాన వేసుకుని తన బ్యానరు తీసేయటానికి బజారుకు వెళ్లాడు. గుంగున్ అప్పటికే అక్కడ ఉన్నాడు.

"మీకెందుకు శ్రమ మంత్రిగారూ, నేనే మార్చేస్తున్నాను."

కొత్త బ్యానరు మీదా మంత్రిగారి ముఖమే. ఈసారి కోపంగా ఉన్న ముఖం. బక్సో బండి దగ్గర ఆయన మాట్లాడుతుంటే ఎవరో ఫోటో తీశారు. కింద పెద్ద అక్షరాలతో, 'మంత్రిగారు తిట్టిన పాతది కాదు! కొత్త తెల్లనాగు!'

"పెట్టె మార్చావా, లోపల సరుకు మార్చావా?" అడిగాడు మంత్రిగారు.

"అది కంపెనీవాళ్లకే తెలియాలండీ. నాకు వచ్చేటప్పటికే అతికించి ఉంటుంది" అన్నాడు గుంగున్. అబద్ధం చెప్పటం లేదు, పాపం. అతని బండికీ అదే దీపం.

మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ అమ్ముడుపోయాయి. మంత్రిగారు మెచ్చుకున్నా అమ్ముడుపోయింది, తిట్టినా అమ్ముడుపోయింది. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన ఇంటికి వచ్చి వరండాలో కూలబడ్డాడు. రుకోయా బొగ్గుల మీద అప్పడం తిప్పుతూ ఆయన వైపు చూసింది.

"ముప్పై ఏళ్లు చీమ చీమ అన్నారు, అందరూ నమ్మారు. ఇప్పుడు పాము అంటే ఎవరు నమ్ముతారు అబాహ్?" అంది. అని, వేడి అప్పడం ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వటం అదే మొదలు.

నాయకత్వం వదిలేశాడు. బ్యాంకు గుమాస్తా నాయకుడయ్యాడు. మంత్రిగారు తన బండికి పాత పచ్చ బల్బు తిరిగి పెట్టించాడు. మసీదు వెనక గోడకు సుద్దముక్కతో గీత గీసి, బండిని గోడకు ఎదురుగా నిలబెట్టి, వెలుగు ఆ గీత దాటకుండా మర తిప్పి సరిచేసుకున్నాడు. దీపం తెల్లదా పచ్చదా అన్న దానికంటే అది ఎదుటివాడి కళ్లలో పడకుండా రోడ్డు మీద పడటమే ముఖ్యమని ఎవరు అడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. సుద్దగీత మాత్రం గోడ మీద ఉండిపోయింది. ఇమాముగారు ఒకటి రెండుసార్లు గొణిగి ఊరుకున్నాడు.

తర్వాత ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. అది మా సంఘంలో ఎవరూ చెయ్యని పని. పొద్దున బయల్దేరి సముద్రానికి వెళ్లి, చీకటి పడితే అక్కడే పడుకుని, తెల్లారాక రావటం. మాలో రాత్రి ఆగటమంటే చేతగానితనం. అదే రోజు తిరిగి రానివాడు మగాడు కాదు. మంత్రిగారు రుకోయాను వెనక ఎక్కించుకుని వెళ్లాడు. ఆ మూడు పెట్టెల నిండా ఆమె అప్పడాలు నింపింది. అక్కడి దుకాణాల్లో అమ్మేసింది కూడా. సాంతోలో దగ్గర ఒక చిన్న బస ఇల్లు చూసుకున్నారు. సాయంత్రం ఇద్దరూ ఒడ్డున కూర్చుని, అల్లం బెల్లం కాచిన బాండ్రెక్ తాగి, పెందరాళే పడుకున్నారు. నెలకోసారి అలా వెళ్లటం మొదలుపెట్టారు.

వానాకాలం మధ్యలో ఒక ఆదివారం నేనూ మా ఆవిడా సాంతోలోకు వెళ్లాం. సాయంత్రానికి కొండ మీద మంచు కనబడింది. మా ఆవిడకు నడుం నొప్పి అని చెప్పుకుని బస ఇంటికి వెళితే, అక్కడ హాజీగారి బండి కనబడింది.

"మా ఇంటావిడకు నడుం పట్టేసింది మాస్టారూ. లేకపోతే వెళ్లిపోయేవాణ్ణే" అన్నాడు హాజీగారు, నేను అడగకముందే.

వెనకే బ్యాంకు గుమాస్తా వచ్చాడు. మా నాయకుడు. అతని భార్యకూ నడుం నొప్పే. నడుం నొప్పి ఆడవాళ్లు ముగ్గురూ రుకోయాతో కలిసి ఇసుకలో పరుగెత్తి పీతలు పడుతున్నారు. వరండాలో మంత్రిగారు మాకు బాండ్రెక్ పోసి ఇచ్చాడు. ఏమీ అడగలేదు. దీపాల మాట ఎవరూ ఎత్తలేదు. చేపలు బాగున్నాయని అందరం ఒప్పుకున్నాం. మంత్రిగారు మాత్రం ఇంకాస్త వేగాలన్నాడు.

మర్నాడు సుబుహ్ నమాజు అయ్యాక, ఇంకా వెలుగు రాకముందే, నేను బండి తాళం పట్టుకుని పెరట్లోకి నడిచాను. మంత్రిగారు ఒంటరిగా దొరుకుతాడని నా ఆశ. అప్పటికే హాజీగారు అక్కడ ఉన్నాడు. ఆయన బండి బస ఇంటి సున్నపు గోడకు ఎదురుగా నిలబడి ఉంది. మంత్రిగారు దాని ముందు గొంతుక్కూర్చుని మర తిప్పుతున్నాడు. పచ్చటి వెలుగు గోడ మీద మెల్లగా కిందికి దిగుతోంది.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకండి మంత్రిగారూ" అంటున్నాడు హాజీగారు.

"ఎవరికి చెబుతాను? చెప్పినా ఎవరు నమ్ముతారు?" అన్నాడు మంత్రిగారు.

హాజీగారు వెళ్లేదాకా ఆగుదామని నేను కొబ్బరిచెట్టు చాటుకు తప్పుకున్నాను. అక్కడ బ్యాంకు గుమాస్తా చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు.

"మీ తర్వాతే లెండి" అన్నాను.